బావ ఇస్తానన్న కైట్ తీసుకోనా, కొత్తది కొనుక్కోనా?

బరంపురం నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని ముఖ్యమైన సంగతులు ముందు చెబుతాను.

వయసు 29, బరువు 74 కిలోలు. తరాలుగా పట్టు నేసే ఇల్లు, ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. రెండేళ్ల కిందట రామేశ్వరం వెళ్లి పది రోజులు, పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై దూసుకెళ్లే కైట్‌సర్ఫింగ్ నేర్చుకున్నారు, నిరుడు ఇంకో వారం వెళ్లొచ్చారు. రెండుసార్లూ పంపుతో గాలి కొట్టే ట్యూబ్ కైట్ మీదే. బోర్డు మీద నిలబడి రెండు వైపులా వెళ్లగలరు, గాలికి ఎదురుగా, బయల్దేరిన చోటికి తిరిగి రావడం మాత్రం "పదిసార్లలో ఆరుసార్లు కుదురుతుంది" అని నిజాయితీగా రాశారు. ఇప్పుడు సొంతంగా ఫాయిల్ కైట్ కావాలి, ఎందుకంటే పంపు అక్కర్లేదు, మడిస్తే బ్యాక్‌ప్యాక్‌లో పడుతుంది, బైక్ మీద గోపాల్‌పూర్‌కో రంభకో వెళ్లిపోవచ్చు (మొదటిది సముద్రపు ఒడ్డు, రెండోది చిలికా సరస్సు ఒడ్డు).

చీటీ పాడిన డబ్బు లక్షా అరవై వేలు చేతిలో ఉంది. ఎదురుగా మూడు కైట్లు ఉన్నాయి. ఒకటి, కవిటి దగ్గరి ఊళ్లో ఉండే బావగారిది, 15 మీటర్లది (ఇక్కడ మీటర్లంటే కైట్ గుడ్డ వైశాల్యం, చదరపు మీటర్లలో). ఆయన ఓడల్లో పనిచేస్తారు, విదేశంలో కొన్నారు, మూడు సీజన్లు వాడారు, రేసులకు వాడే రకం. డెబ్బై వేలకు ఇస్తానంటున్నారు, అదీ "ఉన్నప్పుడు ఇవ్వు" అని. రెండు, కొత్త 10 మీటర్ల ఆల్‌రౌండ్ ఫాయిల్, లక్షా తొంభై వేలు, అంటే ముప్పై వేలు అప్పు చేయాలి. మూడు, స్నేహితుడు ఇసుక మీద బండికి కట్టి నడిపిన 9 మీటర్ల పాత ఫాయిల్, పాతిక వేలు.

అసలు ఇబ్బంది ఇక్కడుంది. "అక్క ఫోన్ చేసినప్పుడల్లా 'బావ కైట్ ఎప్పుడు పట్టుకెళ్తావురా' అంటోంది. వద్దంటే ఆయన చిన్నబుచ్చుకుంటారు. మా ఆవిడేమో 'నీకు నచ్చింది కొనుక్కో, మొహమాటానికి మాత్రం కొనకు' అంటోంది. అమ్మ అయితే 'సముద్రం జాలరి నోలియాల అన్నం, మనకు ఆట కాదు' అని ఆ మాటే ఎత్తనివ్వడం లేదు. మా చెల్లెలు ఒలింపిక్స్‌లో కూడా ఫాయిలే వాడారు కదా, బావదే తీసుకో అంటోంది. రాత్రిళ్లు నిద్ర పట్టక వీడియోలు చూస్తూ ఇంకా టెన్షన్ పడుతున్నాను."

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కైట్ సంగతి, బావగారి సంగతి ఒకే ముడిలో పడిపోయాయి, అందుకే నిద్ర పట్టడం లేదు. ముందు కైట్ సంగతి తేల్చుకుంటే బావగారితో ఏం మాట్లాడాలో దానంతటదే తెలుస్తుంది.

మొదట మీ చెల్లెలి మాట. ఫాయిల్ అనే పేరు రెండు వేర్వేరు వస్తువులకు ఉంది, చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఫాయిల్ కైట్ అంటే పైన ఎగిరేది, ట్యూబులు లేకుండా పారాగ్లైడర్ లాగా గుడ్డ గదుల్లోకి గాలి దూరి బిగుసుకునేది. హైడ్రోఫాయిల్ అంటే కింద బోర్డుకు బిగించే రెక్క, నీళ్లలో ఉండి బోర్డును పైకి లేపేది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో, పోటీలు మార్సెయ్‌లో జరిగాయి, కైట్ క్రీడాకారులు రెండూ వాడారు. వాళ్లకు వెంట రెస్క్యూ బోట్లు ఉంటాయి, రోజంతా అదే పని. మీకు రంభ ఒడ్డున ఉండేది మీ బైకు, ఒక స్నేహితుడు. హైడ్రోఫాయిల్ ఆలోచన మీకుంటే ఇప్పటికి పక్కన పెట్టండి, చిలికాలో చాలాచోట్ల లోతు తక్కువ, పైగా వలలు, పాతిన కర్రలు, ఆ రెక్క వాటికి తగిలిందంటే మీరు ఎగిరి ముందుకు పడతారు. మామూలు బోర్డే మంచిది.

ఇక కైట్. వీడియోల్లో ఎంత బాగా లాగుతోంది, ఎంత ఎత్తు ఎగురుతోంది అని చూస్తున్నారు. నేనైతే ఒకటే చూడమంటాను, అది నీళ్లలో పడ్డాక ఏం చేస్తుంది? ఎందుకంటే మీకు అది పడుతుంది. గాలికి ఎదురు పది సార్లలో ఆరుసార్లు వచ్చే దశలో ఒక్కో పూట నాలుగైదుసార్లు పడుతుంది, నాకూ అంతే అయ్యేది.

ఆ లెక్కన చూస్తే మూడోది వెంటనే పక్కకు పోతుంది. ఇసుక మీద నడిపినదంటే దాదాపు ఖాయంగా ఓపెన్ సెల్ రకం, అంటే ముందు అంచున గదుల నోళ్లు బార్లా తెరిచే ఉంటాయి. గాలి ఎంత సులువుగా దూరుతుందో నీళ్లూ అంతే సులువుగా దూరతాయి. కాసేపట్లో నిండిపోయి మళ్లీ లేవదు, మీరు దాన్ని ఈడ్చుకుంటూ ఈదాలి. క్లోజ్డ్ సెల్ రకంలో నోళ్ల దగ్గర లోపలికి మాత్రమే తెరుచుకునే గుడ్డ కవాటాలు ఉంటాయి, గాలి లోపల నిలుస్తుంది, నీటి మీద తేలుతుంది, వెనక తాళ్లు లాగితే వెనక్కి నడుచుకుంటూ లేచి తిరగబడుతుంది. నీటి మీదకు క్లోజ్డ్ సెల్ తప్ప వద్దు. నేల మీద సాధన కోసం కొంటానన్నా 9 మీటర్లు ఎక్కువ, నేల మీద పడితే నీళ్లు కాదు కదా మెత్తగా ఉండటానికి. పాతిక వేలే కదా అనిపిస్తుంది, ఆ పాతిక వేలు నిలబెట్టుకోండి.

బావగారి 15 మీటర్లది క్లోజ్డ్ సెలే అయి ఉంటుంది, రేసు రకాలు అలాగే వస్తాయి. మంచి వస్తువు, అందులో అనుమానం లేదు. రెక్క పొడుగ్గా సన్నగా ఉంటుంది, గాలిని తక్కువ వృథా చేస్తుంది, ట్యూబ్ కైట్ కదలని మందగాలిలో కూడా అది లాగేస్తుంది. కానీ ఆ పొడుగే మీకు సమస్య. పొడుగు రెక్క గాలి తగ్గినప్పుడు కొనలు ముడుచుకుంటుంది, పడినప్పుడు ఒక కొన తాళ్ల మధ్యలోంచి దూరి మెలిపడి బో టై లాగా తయారవుతుంది, అప్పుడు నీళ్లలోంచి అది లేవదు. అనుభవం ఉన్నవాడు బార్ (కైట్‌ను నడపడానికి చేతిలో పట్టుకునే కర్ర) మీద చెయ్యి పెట్టగానే ముడత రాబోతోందని పసిగట్టి ముందే లాగుతాడు, ఆ స్పర్శ మీకు ఇంకా రాలేదు.

సైజు కూడా చూడండి. గాలి 12 నాట్లు, అంటే గంటకు 22 కిలోమీటర్లు ఉన్నప్పుడు 74 కిలోల మనిషికి 15 మీటర్ల ఫాయిల్ హాయిగా ఉంటుంది. అదే గాలి 18 నాట్లకు వెళ్తే పెరిగింది ఒకటిన్నర రెట్లే అనిపిస్తుంది, కానీ లాగుడు గాలి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే రెండుంపావు రెట్లు. మన తీరంలో మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి అలాగే పెరుగుతుంది. మార్చి నుంచి మే దాకా కాలవైశాఖి ఒకటి, ఎండ కాస్తూ కాస్తూ ఉండగానే వాయవ్యం మూల నల్లబడి గాలివాన విరుచుకుపడుతుంది, అదీ నేల వైపు నుంచి సముద్రం వైపుకు. ఆ సమయంలో నెత్తి మీద 15 మీటర్ల రేసు కైట్ ఉండటం నేను ఊహించుకోలేను.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసింది, "గోపాల్‌పూర్‌కో రంభకో" అన్న మాట. ఈ రెండూ ఒకటి కావు. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

గోపాల్‌పూర్‌లో కెరటం ఒడ్డుకు దగ్గరగా వచ్చి నిటారుగా విరుగుతుంది. కొన్నేళ్ల కిందట అక్కడ నా 12 మీటర్ల ఫాయిల్ ఒడ్డుకు ఇరవై అడుగుల దూరంలో పడింది. లేపుదామని వెనక తాళ్లు అందుకునేలోపే మొదటి కెరటం దాని మీద విరిగింది. రెండోది దాన్ని బోర్లా తిప్పి తాళ్లతో చుట్టేసింది. మూడోది విరిగేటప్పటికి అది కైట్ కాదు, తడి మూట. ముగ్గురు నోలియా కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చి, "వదలకు బాబూ, కొన పట్టుకో, నడుము పట్టుకోకు" అని అరుస్తూ, వల లాగినట్టు ఒక పక్క నుంచి లాగారు. నడిమి భాగం పట్టుకుంటే నీళ్ల బరువుకు గుడ్డ చిరుగుతుందని వాళ్లకు వల లాగిన అలవాటు కొద్దీ తెలుసు, నాకు అప్పటిదాకా తెలియదు. ఇంటికి తెచ్చి కొనల దగ్గర వెల్‌క్రోతో మూసి ఉండే నోళ్లు తెరిచి మంచినీళ్లు పోసి, డాబా మీద నీడలో దండెం మీద వేస్తే నాలుగు రోజులు ఇసుక రాలుతూనే ఉంది. ఆరాక లోపల చెయ్యి పెట్టి తడిమితే గదికీ గదికీ మధ్య గోడ ఒకటి జానెడు మేర చిరిగి ఉంది. పైకి చూస్తే ఏమీ తెలియదు, ఎగరేస్తే ఎప్పుడూ ఎడమకు ఒరిగేది.

కాబట్టి మీరు ఎక్కువగా గోపాల్‌పూర్ ఒడ్డునే ఆడదలిస్తే ఈ మూడింటిలో ఏదీ వద్దు, ఫాయిల్ కైటే వద్దు. సెకండ్‌హ్యాండ్‌లో 10 లేదా 12 మీటర్ల ట్యూబ్ కైట్ చూసుకోండి. పంపు మోయాలి, సంచీ పెద్దది, బైక్ మీద ఇబ్బందే. కానీ ట్యూబులో గాలి ఉన్నంతసేపు కెరటం కొట్టినా అది తేలుతుంది, చివరికి దాన్నే తెప్పలా పట్టుకుని ఒడ్డుకు రావచ్చు. మీరు నేర్చుకున్నదీ దాని మీదే. డబ్బు కూడా మిగులుతుంది.

రంభ వైపు చిలికా అయితే కథ వేరు. విరిగే కెరటం లేదు, నీళ్లు దాదాపు చదును, చాలాచోట్ల నిలబడవచ్చు. కైట్ పడితే నెమ్మదిగా ఆలోచించి లేపుకునే తీరిక ఉంటుంది. ఫాయిల్ కైట్‌కు మన జిల్లాలో అంతకన్నా మంచి చోటు లేదు. అక్కడ జాగ్రత్త వలల గురించి. పాతిన కర్రల వరసలో ఫాయిల్ కైట్ పడిందంటే దానికి ఉండే డజన్ల కొద్దీ సన్నటి తాళ్లు కర్రలకు చుట్టుకుంటాయి, విడదీయడం కష్టం, పైగా అవతలివాడి వల చిరిగితే అది అతని రోజు కూలి. ముందు రోజు వెళ్లి పడవవాళ్లతో కూర్చుని ఏ వైపు ఖాళీగా ఉంటుందో అడగండి, తెలుగులోనో ఒడియాలోనో, మీకు రెండూ వచ్చు కదా. అక్టోబరు నుంచి మార్చి దాకా వలస పక్షులు దిగి ఉన్న గుంపుల వైపు పోవద్దు. ఋషికుల్య నది మొగ కూడా చూడటానికి చదునుగా ఊరిస్తుంది, కానీ అక్కడ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో కైట్ మాట తలపెట్టకండి, ఆ ఒడ్డు అప్పుడు వాటిది.

రంభే అనుకుంటే రెండో దారి, ఆల్‌రౌండ్ ఫాయిల్, మీకు సరిపోతుంది. ఈ రకంలో రెక్క మరీ పొడుగు ఉండదు, ముడుచుకున్నా తనంతట తాను తెరుచుకుంటుంది, నీళ్లలోంచి లేపడం సులువు. ఫ్లైసర్ఫర్‌లో సోల్, ఓజోన్‌లో హైపర్‌లింక్ ఆ తరగతివి. అదే కంపెనీల్లో సోనిక్, ఆర్1 అనేవి బావగారి దాని జాతి. బేరం చేసేటప్పుడు ఈ తేడా గుర్తుంటే చాలు. సైజు 10 అన్నారు, నేను మీ బరువుకు 12 కూడా చూడమంటాను. 10 అయితే గాలి గట్టిగా ఉన్న రోజుల్లో భద్రంగా ఉంటుంది, కానీ మందగాలి రోజుల్లో ఒడ్డున కూర్చోవాల్సి వస్తుంది. 12 అయితే ఎక్కువ రోజులు ఆడవచ్చు, గాలి పెరిగిన రోజు మాత్రం ముందే దిగిపోయే క్రమశిక్షణ ఉండాలి. మీ ఉత్తరం చదివితే మీకు అది ఉందనిపించింది.

అప్పు మాట మాత్రం నాకు నచ్చలేదు. ముప్పై వేలే కదా అనుకోవచ్చు, కానీ చీటీ డబ్బు మొత్తం గుడ్డ మీద పెట్టేస్తే హార్నెస్ (కైట్‌ను తగిలించుకునే నడుము పట్టీ), హెల్మెట్, లైఫ్ జాకెట్ దేనితో కొంటారు? ఉత్తరంలో వాటి ఊసే లేదు. అదే ఆల్‌రౌండ్ రకం ఒకటి రెండు సీజన్లు వాడినది దొరికేదాకా ఆగండి. సెకండ్‌హ్యాండ్ చూడటంలో మీకు మాకెవరికీ లేని వరం ఒకటి ఉంది, గుడ్డ మీ చేతికి తెలుసు. ఇది నైలాన్ గుడ్డ, కొన్ని పోగులకొకసారి లావు పోగు వేసి చిన్న చిన్న గళ్లుగా నేస్తారు, చిరుగు పాకకుండా. దాని మీద గాలి దూరకుండా పూత ఉంటుంది. ఎండకు, ఉప్పుకు, ఇసుక రాపిడికి ముందు పోయేది ఆ పూతే. పై భాగంలో, ముందు అంచుకు దగ్గర, నడిమధ్య గదుల దగ్గర గుడ్డను రెండు వేళ్లతో నలపండి, పూత ఉంటే గరగరమంటుంది, పోతే మెత్తగా పాత పంచెలా ఉంటుంది. తర్వాత నోరు గట్టిగా ఆనించి ఊదండి. గాలి అవతలికి తేలిగ్గా పోతోందంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

తాళ్లు కూడా చూడాలి. ఈ సన్నటి తాళ్లలో బరువు ఎక్కువ మోసేవి కాలం గడిచేకొద్దీ సాగుతాయి, తక్కువ మోసేవి ఉప్పుకు, ఇసుకకు కుదించుకుపోతాయి. అలా కొన్ని సెంటీమీటర్ల తేడా వస్తే చాలు, కైట్ వెనక్కి వాలిపోతూ బద్ధకంగా తిరుగుతుంది, కొత్తవాడు తప్పు తనదే అనుకుంటాడు. ఒక మేకుకు తగిలించి వరసలన్నీ పక్కపక్కన లాగి చూడటాన్ని మిక్సర్ చెక్ అంటారు, ఏ వరస ఎంత ఉండాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. మగ్గం మీద పడుగు సరిచూసుకునే ఇంట్లో పెరిగారు, మీకు అరగంట పని.

ఇప్పుడు బావగారు. "ఉన్నప్పుడు ఇవ్వు" అన్నది ప్రేమతో అన్న మాటే, నాకు అనుమానం లేదు. కానీ ఆ కైట్ మూడో రోజే వల కర్రలకు తగిలి చిరిగిందనుకోండి. డబ్బు ఇంకా ఇవ్వలేదు. అప్పుడు డెబ్బై వేలూ ఇవ్వాలా, బాగు చేయించి తిరిగివ్వాలా? ఆయన అడగరు, మీరు చెప్పలేరు, మధ్యలో అక్క నలుగుతుంది. తీసుకుని వాడకుండా అటక మీద పెట్టినా అంతే, సెలవుకు వచ్చినప్పుడల్లా ఎలా ఉంది కైట్ అని అడుగుతారు. మీ ఆవిడ మొహమాటం గురించి చెప్పింది ఇదే, ఆమె మాట నిజం.

కానీ వద్దని కొట్టిపారేయాల్సిన అవసరమూ లేదు. అక్కతో కబురు పంపొద్దు, మీరే ఫోన్ చేయండి. ఇలా అంటే సరిపోతుంది, "బావా, మీ కైట్ మంచిదే, కానీ అది నా చేతికి ఇంకా పెద్దది. నేను చిన్నదానితో మొదలుపెడతాను. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు రంభ తీసుకెళ్లి మీరు దగ్గరుండి ఒక పూట నాతో ఎగరేయించండి." ఓడల్లో పనిచేసే మనిషి, గాలి విలువ తెలిసినవారు, తన చేతిలో ఉన్నది బలమైన వస్తువని ఆయనకే మీకన్నా బాగా తెలుసు. నేర్పించమని అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. రెండు సీజన్ల తర్వాత కూడా అది ఆయన దగ్గరే ఉండి, అప్పటికి మీరు పదికి పదిసార్లు గాలికి ఎదురు రాగలిగితే, అప్పుడు గుడ్డ, తాళ్లు చూసుకుని రొక్కం చేతికిచ్చి తీసుకోండి. ఈలోపు ఆయన వేరేవాళ్లకు అమ్మేస్తే అమ్మేయనివ్వండి. ఒకవేళ ఎంత చెప్పినా ఇప్పుడే తీసుకోవాల్సి వస్తే, డబ్బు మొత్తం ముందే ఇచ్చేసి, 8 నుంచి 12 నాట్ల గాలిలో, చిలికాలో, ఆయన పక్కనున్నప్పుడు మాత్రమే తీయండి.

మీ అమ్మగారి మాట చివరకు మిగిలింది. ఆవిడ భయం తప్పని మీకు చెప్పలేను, గోపాల్‌పూర్ ఒడ్డున పుట్టి పెరిగిన నోలియాలే సముద్రాన్ని తేలిగ్గా తీసుకోరు. ఒకరోజు ఆవిడను రంభ తీసుకెళ్లి ఆ నీళ్లు చూపించండి. కైట్ లేకుండానే తీసుకెళ్లండి, మొదటిసారి. మీరు నీళ్లలో దిగి నడుము లోతులో నిలబడండి, ఆవిడ చూస్తారు. ఆ తర్వాత మాట్లాడటం తేలికవుతుంది. ఇంకా భయపడితే, ఎప్పుడూ ఒంటరిగా వెళ్లనని మాటివ్వండి, ఇచ్చాక నిలబెట్టుకోండి.

ఒక్కటి మర్చిపోకండి. గోపాల్‌పూర్ వైపు ఎప్పుడైనా వెళ్తే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, మర పడవలు సముద్రంలో ఉండవు, సరిగ్గా మనకు గాలి బాగుండే రోజులవి. దూరంగా కొట్టుకుపోతే చూసేవాళ్లు తక్కువ. తెల్లవారుజామున నేల మీది నుంచి వీచే గాలికి కైట్ తీయొద్దు. రంభలో అయినా సరే, నీళ్లలో దిగే ముందు దగ్గరలోని పడవవాడికి ఎన్ని గంటలకు తిరిగొస్తానో చెప్పి వెళ్లండి, హార్నెస్‌కు తాళ్లు కోసే చిన్న కొక్కెం కత్తి ఒకటి కట్టుకోండి, కైట్‌ను వదిలించుకునే బకిల్‌ను ఒడ్డునే మూడుసార్లు కళ్లు మూసుకుని లాగి చూసుకోండి.